దొరసాని పండు

కృష్ణమ్మ కరకట్ట అంచు దాకా వచ్చి, పెనుమూడి జనాన్నంతా పిల్లాజెల్లాతో గట్టు మీద పడుకోబెట్టిన వరద ఏడాది ఇది జరిగింది. మొన్నటి పెద్ద వరదే. నేను చూసిన వరదలు ఇంకా ఉన్నాయి, వాటితో కలిపెయ్యకండి.

నేను మాట్లాడేవాణ్ణి కాను. ఊళ్ళో నన్ను ఊఁ కోటయ్య అంటారు. ఎవరేమడిగినా ఊఁ అనడమే కారణం. ఇందులో సగం నా స్వభావం, సగం మా ఆవిడ సుగుణమ్మ. ఒక ఇంటికి రెండు నోళ్ళు దండగ అని పెళ్ళయిన వారానికే నాకు అర్థమైంది. నోటితో చెప్పే వీలు లేదు గనక ఇది రాస్తున్నాను. నా చదువు మూడో తరగతి. అదీ పరీక్షల ముందు దాకా. తప్పులుంటే అచ్చు వేసేవాళ్ళు దిద్దుకుంటారు.

వరద తీశాక ట్రాక్టర్ల మీద బియ్యం వచ్చింది, దుప్పట్లు వచ్చాయి, ఎవరెవరో కట్టి విడిచిన బట్టల మూటలు వచ్చాయి. మా వంతు మూటలో ఒక లంగా, రెండు ప్యాంట్లు, ఒక లావుపాటి పుస్తకం ఉన్నాయి. ప్యాంట్లు నాకు పట్టలేదు. లంగా సుగుణమ్మకి పట్టలేదు. పుస్తకం ఇద్దరికీ సరిపోయింది.

దానికి అట్ట లేదు, పేరు లేదు. మంచు కురిసే ఏదో దేశం కథ, తెలుగులోకి తెచ్చారు. సుగుణమ్మ ఎనిమిదో తరగతి చదివిన మనిషి, రెండు మధ్యాహ్నాల్లో ముగించేసింది. నేను చదవడమంటే చేలో కలుపు తీయడం లాంటిది. ఒక్కో అక్షరాన్నీ వేలితో పట్టుకుని లాగాలి. అది వేరుతో సహా వస్తే గాని పక్కదాని దగ్గరికి పోను.

ఆ పుస్తకంలో ఒక యుద్ధం ఉందట, రెండు పెళ్ళిళ్ళు ఉన్నాయట. నాకు తెలియదు. నేను తిండి దగ్గర ఆగిపోయాను.

ఒక ముసలమ్మ పొయ్యి లోంచి గుండ్రటి రొట్టె బయటికి తీస్తుంది. అంచులు కరకరలాడుతుంటాయి. లోపల బంగారు రంగు గుజ్జు. దాల్చినచెక్క వాసన వీధి చివరి దాకా పోతుంది. పిల్లలు చేతులు కడుక్కోకుండా వచ్చి కూర్చుంటారు. మీరైతే ఆ పేజీని గుటక వేసినంత సేపట్లో దాటిపోతారు. నేను దాని మీద వారం ఉన్నాను. వారమంతా ఒకే రొట్టె ముందు కూర్చోబెడితే మనిషి ఏమవుతాడు? నేనూ అదే అయ్యాను.

అందులోనూ ఆ రొట్టె నేను తిన్నదే.

నా చిన్నప్పుడు మా అమ్మ రేపల్లె మిషన్ బంగళాలో వంటింటి పని చేసేది. అక్కడి అమెరికా దొరసాని ఏటా ఒక రోజు వాళ్ళ దేశపు పండగ చేసుకునేది. ఆ సాయంత్రం అమ్మ అరిటాకు ముక్కలో ఏదో చుట్టి కొంగు చాటున తెచ్చేది. పైన కరకర, లోపల బంగారు గుజ్జు. "ఏంటమ్మా ఇది?" అంటే, "దొరసాని పండురా. ఓడెక్కి వచ్చింది. మాట్లాడకుండా తిను" అనేది. మాట్లాడకుండా తిన్నాను. బహుశా ఈ మాట్లాడకపోవడం అక్కడే అలవాటై ఉంటుంది.

వారం తరవాత కూడా నా వేలు ఆ పేజీ మీదే ఉండడం సుగుణమ్మ చూసింది.

"ఏమయ్యా, పేజీ తిప్పవేం? ఆ ముసల్దాని రొట్టె చల్లారిపోయుంటది."

"ఊఁ."

"తర్వాతి పేజీలో ఏముందో చెప్పనా?"

"వద్దు."

"అది కాదయ్యా, ఆ గుజ్జు ఉంది చూడు, అది..."

"వద్దన్నానా! నేనే చదూకుంటా."

"చదూకో. నువ్వు పేజీ తిప్పేసరికి ఇంకో వరదొస్తది."

నేను ఊరుకోవలసింది. కానీ మనసు నిలవక నోరు జారాను. "మా అమ్మ తెచ్చిన దొరసాని రొట్టె కూడా అచ్చం ఇట్టాగే..."

సుగుణమ్మ చేటలో బియ్యాన్ని పైకెగరేసింది. బియ్యం చేటలో పడింది గాని ఆవిడ మాత్రం కిందికి దిగలేదు.

"మొదలెట్టావా! కాపరానికొచ్చిన కాణ్ణుంచీ వింటన్నా. నా గారెలు తింటా దొరసాని రొట్టె, నా బూరెలు తింటా దొరసాని రొట్టె. నీకొక్కడికే అమ్మ ఉందా? మా అమ్మ వేటపాలెంలో జీడిపప్పు కార్ఖానాకి పోయొచ్చి, ఆ నూక వేసి గుమ్మడికాయ తీపి పులుసు కాచేది. పాతికిళ్ళకి వాసనొచ్చేది. ఈ కొంపలో అడుగుపెట్టాక ఒక్క చుక్క నోట్లో పడిందా నాకు? ఎవరి పుణ్యం?"

నా పుణ్యమే. కారణం చెబుతాను. నా ఏడో ఏట ఒక వరద వచ్చింది. చేలో ఉన్నదంతా పోయి, మా పాక మీది గుమ్మడి పాదు ఒక్కటే మిగిలింది. పొద్దున గుమ్మడి, మధ్యాహ్నం గుమ్మడి, రాత్రికి పొద్దుటి గుమ్మడి. నీళ్ళు తీసేసరికి నా ఒళ్ళు కూడా పచ్చబడిందని అక్క అనేది. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, బతికుండగా గుమ్మడికాయ ముట్టనని. పెళ్ళిచూపుల్లో నేను మాట్లాడింది ఒకటే మాట: "మా ఇంట్లో గుమ్మడికాయ ఉండకూడదు." అందరూ నవ్వారు. సుగుణమ్మ నవ్వలేదు. అప్పుడే చూసుకోవలసింది.

"ఇంకోసారి ఆ రొట్టె మాట ఎత్తావంటే వేటపాలెం పోతా" అని తేల్చేసింది సుగుణమ్మ.

ఎత్తలేదు. కానీ కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికైనా పోవాలనిపించేది. కరకట్ట మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. గేదె కూడా నన్ను చూసి నెమరు ఆపేసింది. చివరికి చర్చిలో పెద్దగా ఉండే శాలేమురాజుని అరుగు మీద పట్టుకున్నాను. అతనికి సలహాల శాలేమురాజని పేరు. అడిగినవాడికి ఒకటి, అడగనివాడికి రెండు సలహాలు ఇస్తాడు.

"ఇందులో ఏముంది బావా" అన్నాడు. "బాపట్లలో మీ అక్క కొండమ్మ ఉందిగా. మీ అమ్మ వెంట బంగళాకి పోయింది ఆవిడే. చేసే పద్ధతి ఆవిడకి తెలుస్తది. తెనాలిలో మనకి తెలిసిన బేకరీ ఉంది, పొయ్యి వాళ్ళ దగ్గర. మధ్యలో నువ్వు. మా చెల్లెమ్మకి మాత్రం కళ్ళ పరీక్షకని చెప్పు."

"వాసన పట్టేస్తుంది."

"ఇంటికెందుకు తెస్తావ్? చర్చి పక్కన కొట్టుగది లేదూ? తాళంచెవి నా మొలతాడుకే ఉంటది. ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరం తలుపేసుకుని తినేద్దాం."

ఈ "ఇద్దరం" అనే మాట నాకు నచ్చలేదు. కానీ తాళంచెవి అతనిది.

శనివారం కోడి కూసేసరికే తయారయ్యాను. సుగుణమ్మ గుమ్మంలో నిలబడి ఏదో గబగబా చెబుతోంది. రేపు అన్నదో, చర్చి అన్నదో, పెందలాడే రా అన్నదో. నా చెవులు అప్పటికే బాపట్ల చేరాయి.

"వింటన్నావా?"

"ఊఁ."

"ఏం చెప్పానో చెప్పు?"

"ఊఁ."

"దేవుడా, కళ్ళకి కాదు, ఈ మనిషిని చెవులకి చూపించాల్సింది" అంటూ లోపలికి పోయింది.

బాపట్ల బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. కండక్టరు, "కూర్చో తాతా, నువ్వు నిలబడితే బస్సు తొందరగా పోతదా?" అన్నాడు. ఆ ఆలోచన నాకు నిజంగానే ఉంది.

అక్క కొండమ్మ నన్ను చూసి, "ఒరే కోటయ్యా, ఎవరు పోయార్రా?" అంది. చావుకి తప్ప నేను కదలనని ఆవిడ నమ్మకం. వచ్చిన పని చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. అది దగ్గనే నేను అనుకున్నాను.

"దొరసాని పండా?"

"ఊఁ. దొరుకుతుందా?"

"దొరక్కేం. నా దగ్గరుంది. అయితే ఒరే, అది వండేటప్పుడు మగాళ్ళు చూడకూడదు. విరిగిపోద్ది. నువ్వు బజారుకి పోయి దాల్చినచెక్క, శొంఠి పట్రా. నిదానంగా రా. దారిలో తెలిసినవాళ్ళు కనపడితే మాట్లాడు."

నేను మాట్లాడేవాణ్ణి కానని అక్కకి తెలుసు. అయినా అంది. బజారుకి పరుగున పోయి పరుగున వస్తే, తలుపు గడియ పెట్టి ఉంది. లోపల్నుంచి ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్న చప్పుడు. అరుగు మీద కూర్చున్నాను, లేచాను, కూర్చున్నాను. చివరికి తలుపు సందులోంచి చెయ్యి వచ్చి దాల్చినచెక్క, శొంఠి లాక్కుని మళ్ళీ లోపలికి పోయింది.

మధ్యాహ్నానికి ఒక క్యారేజీ గిన్నె బయటికి వచ్చింది. మూతకి చుట్టూ తడిపిండి పూసి, పైన గుడ్డ కట్టి ఉంది. "దార్లో విప్పావంటే అమ్మ మీదొట్టే" అంది అక్క.

తెనాలి రైలెక్కాను. గిన్నె ఒళ్ళో వెచ్చగా ఉంది, పసిబిడ్డలాగా. చుండూరు దాటేదాకా రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను. ఎదుటి సీటావిడ జరిగి చోటిస్తూ, "ఆస్పత్రికా బాబాయ్ గారూ?" అని జాలిగా అడిగింది. ఊఁ అన్నాను.

బేకరీ రమేష్ బాబు మంచివాడే గాని నోరు ఊరుకోదు. మూత తీసి, వేలితో కాస్త నాకి, నా వంక వింతగా చూశాడు.

"తాతగారూ, ఇది ఎక్కడిదండీ?"

"అమెరికా."

"అమెరికాదా? ఇది మా ఇంట్లో కూడా..."

"మీ ఇంట్లో ఉండదు."

"ఉండదేంటండీ, మొన్ననే మా ఆవిడ..."

"పొయ్యి వేడిగా ఉందా లేదా?"

"ఉందండి."

"అయితే పెట్టు."

పెట్టాడు. పఫ్‌లకి చేసే పిండి పలచగా పరిచి, గుజ్జు నింపి లోపలికి తోశాడు. అది కాలుతున్నంతసేపూ నేను షాపు ముందు అటూ ఇటూ తిరిగాను. కేకు కొనడానికి వచ్చినవాళ్ళు నన్ను కాపలావాడనుకుని చెప్పులు అప్పగించి వెళ్ళారు. తరవాత వాసన వచ్చింది.

ఆ వాసన ఎలా ఉందో రాయడం నాకు రాదు. నా వయసు రాలిపోయింది. అరిటాకు ముక్క, అమ్మ కొంగు, బంగళా గేటు, అన్నీ తెనాలి బజారు మధ్యలోకి వచ్చి నిలబడ్డాయి. కళ్ళ పరీక్ష అని అబద్ధం చెప్పి వచ్చినవాణ్ణి, కళ్ళు తుడుచుకున్నాను.

రమేష్ బాబు దాన్ని పుట్టినరోజు కేకుల డబ్బాలో పెట్టి, నేను వద్దంటున్నా రంగు దారం కట్టాడు. రేపల్లె బండి దిగి, ఆటో ఎక్కి, చీకటి పడే వేళకి శాలేమురాజుతో కలిసి దాన్ని కొట్టుగదిలో బియ్యం బస్తా వెనక దాచాను. ముట్టుకోలేదు. తెల్లారితే ఎలాగూ నాదే కదా అన్న ధీమా.

ఇంటికి వెళ్తే సుగుణమ్మ, "డాక్టరు ఏమన్నాడు?" అని అడిగింది.

"బానే ఉన్నాయన్నాడు."

"దూరం చూపా, దగ్గర చూపా?"

"రెండూ."

"ఆహా" అని నవ్వింది. ఆ నవ్వు దగ్గరే నేను మేలుకోవలసింది. కానీ నా చూపు బియ్యం బస్తా వెనక ఉంది.

ఆదివారం చర్చికి వెళ్ళి, గుమ్మంలోనే ఆగిపోయాను. స్తంభాలకి వరి కంకులు కట్టి ఉన్నాయి. బలిపీఠం ముందు బల్లల మీద కొబ్బరికాయలు, గుడ్లు, అరటి గెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు.

కోతల పండుగ.

మా చర్చిలో ఏటా కోతల పండుగనాడు ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి అక్కడ పెడతారు. ఆరాధన అయ్యాక అదంతా వేలం పాడతారు. ఎవరు పాడుకుంటే వాళ్ళది. నిన్న గుమ్మంలో సుగుణమ్మ చెప్పింది ఇదే. నేను ఊఁ అన్నది దీనికే.

ఆ బల్ల మధ్యలో, రెండు కోళ్ళకి నడుమ, రంగు దారం కట్టిన నా డబ్బా ఉంది.

శాలేమురాజు వైపు చూశాను. అతను ఆకాశం వైపు చూశాడు. చర్చి లోపల ఆకాశం లేదు, ఫ్యాను ఉంది.

పాస్టరుగారి ప్రసంగం ఆ రోజు దేని మీదో నాకు తెలియదు. ఒక కోడి డబ్బా దారాన్ని పొడుస్తోంది. నేను అటు జరిగాను, ఇటు జరిగాను, బల్ల వైపు ఒక వరస ముందుకి వెళ్ళాను. ప్రార్థనకి అందరూ కళ్ళు మూసుకుంటే నేను ఆ కోడిని చూస్తున్నాను.

వేలం పాడించేది శాలేమురాజే. బియ్యం పోయాయి, గుడ్లు పోయాయి, గెలలు పోయాయి. నా వైపు చూడకుండా డబ్బా ఎత్తాడు.

"పేరు చెప్పని భక్తుడెవరో ఇచ్చిన కానుక. లోపల... పెద్ద రొట్టె. పాట మొదలెట్టండి."

"నా పాట యాభై!" అన్నాను. చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. ఊఁ కాకుండా నా నోటి నుంచి ఇంకో మాట వినడం చాలామందికి అదే మొదలు.

ఆడవాళ్ళ వైపు నుంచి మరో గొంతు లేచింది. "దానికి రెండింతలు."

సుగుణమ్మ.

నేను పెంచాను. తను పెంచింది. నేను ఇంకాస్త పెంచాను. తను కొంగు ముడి విప్పకుండానే, "అన్నయ్యా, మా ఆయన ఎంతంటే దాని మీద ఇంకొంచెం. రాసుకో" అంది. జనం నవ్వారు. "కోటయ్య మావా, వదలొద్దు!" అని కుర్రాళ్ళు, "సుగుణమ్మత్తా, తగ్గొద్దు!" అని ఆడపిల్లలు. పాస్టరుగారు ఇద్దర్నీ చూసి, "ఒకే ఇంటివాళ్ళు గదమ్మా, ఎవరు గెలిచినా..." అనబోయారు.

"అట్టా కాదు అయ్యగారూ," అంది సుగుణమ్మ, "ఇల్లొకటే గానీ నోళ్ళు రెండు."

నా జేబులో చెయ్యి పెట్టాను. బాపట్ల, తెనాలి, బేకరీ అన్నీ పోగా మిగిలింది ఆటో చిల్లర. సుగుణమ్మ దగ్గర గుడ్లు అమ్మిన డబ్బులన్నీ ఉన్నాయి. శాలేమురాజు మూడుసార్లు నా వైపు జాలిగా చూసి, "సుగుణమ్మ చెల్లెమ్మ పాట... ఖాయం" అన్నాడు.

సుగుణమ్మ అక్కడే డబ్బా విప్పింది. వాసన చర్చి నిండా పరుచుకుంది. కోళ్ళు కూడా నిశ్శబ్దమయ్యాయి. కత్తి తెప్పించి ముక్కలు కోసి, పాస్టరుగారికి, పిల్లలకి, ముసలివాళ్ళకి పంచింది. శాలేమురాజుకి కూడా ఇచ్చింది. చివరి ముక్కతో నా దగ్గరికి వచ్చింది.

"ఇందా, తిను."

తిన్నాను. ఇదే. అమ్మ అరిటాకులో తెచ్చిందే, అణువు తేడా లేదు. నాకేమైందో తెలియదు, లేచి నిలబడి జన్మలో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాను. "వినండి! ఇది మా అమ్మ చేతి రుచి. ఇది దొరసాని పండు. ఓడెక్కి వచ్చేది. ఇట్టాంటి పండు మన మట్టిలో పండదు! మనోళ్ళకి దీని విలువ తెలీదు!"

సుగుణమ్మ మెల్లగా బల్ల దగ్గరికి పోయి, కిందికి వంగి, అమ్ముడుపోకుండా మిగిలిన కానుకని రెండు చేతులతో ఎత్తి నా ముందు పెట్టింది.

బొద్దుగా, పచ్చగా, గుమ్మడికాయ.

"ఇదేగా?" అంది.

"కాదు."

"మీ అక్క నిన్న పొద్దున ఫోన్ చేసింది. 'సుగుణా, నీ మొగుడు గుమ్మడికాయ కోసం బాపట్లొచ్చాడే' అని నవ్వలేక చచ్చింది. నువ్వు గుమ్మడి ముట్టనని మారాం చేస్తావని మీ అమ్మ దాన్ని ఓడెక్కించింది. నేను కాపరానికొచ్చిన ఏడే ఆవిడ నాకూ చెప్పింది. చెప్తే మళ్ళీ మానేస్తాడమ్మా, చెప్పకు అంది. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలా."

"మరి డబ్బా?"

"కొట్టుగదికి ఇంకో తాళంచెవి స్త్రీల సమాజం వాళ్ళ దగ్గరుంటది. నిన్న రాత్రి కానుకల బియ్యం తీస్తంటే బస్తా వెనక దొరికింది. సమాజానికి పెద్ద ఎవరో నీకు తెలుసా?"

నాకు తెలియదు. చెప్పే ఉంటుంది. ఊఁ అనే ఉంటాను.

చేతిసంచిలోంచి ఆ అట్టలేని పుస్తకం తీసి, నా వేలు అరిగిన పేజీ దగ్గర విప్పింది. "ఇప్పుడు తిప్పు."

తిప్పాను. అందరూ చూస్తుండగా మొదటి వరస కూడబలుక్కున్నాను. "ము... స... ల... మ్మ... తో... ట... లో... గు... మ్మ..." అక్కడ ఆపేశాను. మిగతాది చర్చి అంతా కలిసి చదివింది.

ఆ నవ్వుల్లో నేను తలెత్తి చూస్తే సుగుణమ్మ ఒక్కతే నవ్వడం లేదు. గుమ్మడికాయ మీద చెయ్యి వేసి నిమురుతోంది. పెళ్ళిచూపులనాటి ముఖం అది. మా అమ్మ రొట్టె కోసం నేను రెండు ఊళ్ళు తిరిగాను. వాళ్ళమ్మ పులుసు కోసం ఆవిడ ఎక్కడికి పోవాలి? ఇంట్లోనే కదా నేను గడియ పెట్టి కూర్చున్నది.

శాలేమురాజు గొంతు సవరించుకున్నాడు. "ఆఖరి కానుక, గుమ్మడికాయ. పాట..."

"నాది" అన్నాను. ఆటో చిల్లర మొత్తం బల్ల మీద పెట్టాను. పోటీకి ఒక కుర్రాడు నోరు తెరిచాడు గాని, సుగుణమ్మ చూసిన చూపుకి ఆ నోరు ఆవలింతగా మారింది.

ఇంటికి దాన్ని నేనే భుజాన మోసుకొచ్చాను. దారి పొడుగునా అరుగుల మీదివాళ్ళు, "కోటయ్యా, ఓడ దిగిందా?" అని అడిగారు. ఊఁ అన్నాను.

మర్నాడు సుగుణమ్మ లేవకముందే కత్తిపీట ముందు కూర్చున్నాను. గుమ్మడికాయ అంత తేలిగ్గా లొంగే కాయ కాదు, నాతో చాలాసేపు పోట్లాడింది. ముక్కలు గిన్నెలో వేసి, గింజలు కడిగి, వరద తెచ్చిన ఒండ్రు గట్టిపడిన చోట, వంటింటి కిటికీకి ఎదురుగా పాదు తవ్వి నాటాను. సుగుణమ్మ జుట్టు ముడి వేసుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏమయ్యా, ఒంట్లో బానే ఉందా?"

చేతులు కడుక్కుని పొయ్యి దగ్గర పీట వాల్చుకుని కూర్చున్నాను.

"మీ అమ్మ పులుసులో బెల్లం ముందు వేసేదా, చింతపండు ముందు వేసేదా?" అని అడిగాను. "నిదానంగా చెప్పు. వింటాను."